నీళ్ళు వదలని విమానం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, "బడి జ్ఞాపకాలు ఎలాగూ అందరూ రాస్తారు, నువ్వు ఇంజనీరువి కదా, ఏదైనా సాంకేతిక చరిత్ర రాయి" అన్నారు. సరేనన్నాను. నాకు తెలిసిన చరిత్రల్లో మన బడి వెనకాల చెరువుగట్టు మీద మొదలైంది ఒక్కటే ఉంది. అది నీటి విమానాల చరిత్ర. నీళ్ళ మీద నుంచి లేచి మళ్ళీ నీళ్ళ మీదే దిగే విమానాల గురించి, వాటి నమూనాలను చేత్తో చేసి రేడియోతో ఎగరేసే వాళ్ళ గురించి నాలుగు మాటలు చెబుతాను. మధ్యలో నేను ఒప్పుకోవాల్సిన పాత తప్పు కూడా ఒకటి ఉంది. నలభై ఏళ్ళు దాటింది కాబట్టి ఇంక ఆలస్యం చేయదలచుకోలేదు.

1984 జనవరి

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. జిల్లా సైన్సు ఫేరుకి మన బడి తరఫున ఏం తీసుకెళ్దామని సైన్సు మాస్టారు అడిగారు. నీళ్ళ మీద నుంచి లేచే విమానం చేస్తామని నేను చెయ్యెత్తాను. ఎక్కడో పాత ఇంగ్లీషు పత్రికలో ఒక ఫొటో చూశాను, నాకున్న పరిజ్ఞానం అంతే. కాగితం మీద బొమ్మ గీసింది నేను. దాన్ని చేసింది మాత్రం నా బెంచీలో నా పక్కన కూర్చునే మిత్రుడు. వాళ్ళ నాన్నగారు పడవలు చేసే వడ్రంగి. పేరు రాయొద్దని మిత్రుడు గట్టిగా చెప్పాడు కాబట్టి రాయడం లేదు. మన బ్యాచ్ వాళ్ళకి ఎలాగూ చెప్పక్కర్లేదు.

రెక్కలకి వెదురు బద్దలు, గాలిపటం కాగితం. అడుగున తేలే భాగానికి జీలుగు బెండు. ఇంజను బదులు సైకిల్ ట్యూబులోంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. ప్రొపెల్లర్‌ని వాడే పలచటి చెక్కతో చెక్కాడు. రబ్బరుని మెలితిప్పి, బడి ఆవరణలో చేత్తో వదిలితే ఇరవై ముప్పై అడుగులు చక్కగా ఎగిరింది. అంటే రెక్కలు బాగానే ఉన్నాయి, బలమూ సరిపోతోంది. చెరువులో పెడితే మాత్రం లేవలేదు. ముక్కు పైకెత్తి, తోక నీళ్ళలోకి దిగబడి, కాసేపు పరుగెత్తి ఆగిపోయేది.

"అడుగు నున్నగా లేదు, అందుకే నీళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకా రుద్దు" అన్నాను నేను. వాడు గరుకు కాగితంతో నాలుగు రాత్రులు రుద్దాడు. ముందు నుంచి తోకదాకా ఎక్కడా చిన్న అంచు కూడా లేకుండా, చేప వీపులా తయారుచేశాడు. పైన కొవ్వొత్తి మైనం కూడా పూశాడు. సైన్సు ఫేరులో నీళ్ళ కుంట మీద వదిలితే అది మునుపటి కంటే మొండిగా నీళ్ళని పట్టుకుని కూర్చుంది. చూడటానికి వచ్చిన పెద్దాయన ఒకరు "పడవ బాగా చేశారు బాబూ" అనడంతో అందరూ నవ్వారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాస్టారు అడిగారు: "చేత్తో వదిలితే ఎగిరింది కదరా. మరి నీళ్ళు దాన్ని ఎందుకు వదల్లేదు?" చాలా మంచి ప్రశ్న అది. తెలియదండీ అంటే సరిపోయేది. నేను మాత్రం "అడుగు సరిగ్గా చెక్కలేదండీ" అన్నాను. మాస్టారు వాడివైపు తిరిగి, "చెయ్యి తిరిగితే చాలదురా, ఓపిక కూడా ఉండాలి" అన్నారు. నాలుగు రాత్రులు రుద్దినవాడు ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మార్సెయ్ ఇంజనీరు

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. ప్రపంచంలో నీళ్ళ మీద నుంచి సొంత ఇంజను బలంతో లేచిన మొదటి విమానం ఫ్రాన్సు దేశంలో ఎగిరింది. దాన్ని చేసిన హెన్రీ ఫాబ్ర్ మార్సెయ్ నగరంలో ఓడల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన ఇంజనీరు. 1910 మార్చి 28న మార్తీగ్ పట్నం దగ్గర బెర్ అనే ఉప్పునీటి సరస్సు మీద, 50 గుర్రాల బలమున్న నోమ్ ఇంజనుతో తన విమానాన్ని నడిపి సుమారు 450 మీటర్లు ఎగిరాడు. ఆశ్చర్యం ఏమిటంటే, అంతకుముందు ఆయన ఏ విమానమూ నడిపి ఎరగడు.

ఆ విమానం మనం అనుకునే ఆకారంలో ఉండదు. తోక ఉండాల్సిన చిన్న రెక్కలు ముందుంటాయి, ప్రొపెల్లర్ వెనకుంటుంది. దాని కింద మూడు ఫ్లోట్లు, అంటే తేలే పెట్టెలు. ఒకటి ముందు, రెండు వెనక. అడుగు బల్లపరుపుగా, పైభాగం రెక్కలా వంపుగా ఉండేవి. విమానం తేలిక కాబట్టి, ఆ ఫ్లోట్లు పలకల్లా నీటి మీద జారగలిగేవి కాబట్టి పైకి లేచింది.

ఈ ఫాబ్ర్ గారు 1882లో పుట్టి 101 ఏళ్ళు బతికారు. 1984 జూన్ 30న పోయారు. అంటే మా విమానం కుంటలో కూలబడిన ఆ జనవరిలో, ప్రపంచంలో ఆ పని మొదట చేసిన మనిషి ఇంకా బతికే ఉన్నాడన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు వేరే పని చేసుకోలేకపోయాను.

మెట్టు

ఫాబ్ర్ ఎగిరాక ఏడాది తిరగకుండానే అమెరికాలో గ్లెన్ కర్టిస్ 1911 జనవరి 26న శాన్ డియేగో తీరంలో తన నీటి విమానాన్ని లేపాడు. కర్టిస్ సైకిళ్ళ నుంచి మోటారు సైకిళ్ళకీ, అక్కడి నుంచి విమానాలకీ వచ్చిన మనిషి. ఫ్లోట్లు తగిలించడంతో ఆయన తృప్తిపడలేదు. విమానం ఒడలే పడవ కావాలనుకున్నాడు. దాన్నే ఎగిరే పడవ అంటారు.

అక్కడ ఆయనకి ఎదురైన చిక్కే మా ఇద్దరికీ ఎదురైంది. పడవ నీళ్ళలో బాగానే పరిగెత్తింది గానీ నీళ్ళు దాన్ని వదల్లేదు. కారణం తెలుసుకోవాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. కుళాయి సన్నగా ధారగా తిప్పి, ఒక చెంచాని తోక పట్టుకుని వేలాడదీసి, దాని వీపుని ధారకి తగిలించండి. నీళ్ళు చెంచాని పక్కకి నెడతాయని అనుకుంటాం. నెట్టవు, లోపలికి లాగుతాయి. వంపు తిరిగిన నున్నటి తలాన్ని నీళ్ళు అంటిపెట్టుకుని పోతాయి. ఆ వంపు వెంట తిరిగేటప్పుడు పీడనం తగ్గి, తలాన్ని తమవైపు లాక్కుంటాయి. పడవ అడుగు తోక వైపు పైకి వంపు తిరిగి ఉంటే అక్కడ జరిగేదీ ఇదే. వేగం పెరిగేకొద్దీ నీళ్ళు తోకని ఇంకా కిందికి లాగుతాయి.

దీనికి మందు ఏమిటంటే అడుగున ఒక మెట్టు. విమానం బరువు కేంద్రానికి కొంచెం వెనకగా పడవ అడుగుని అడ్డంగా తెగ్గొట్టి, అక్కడి నుంచి వెనక భాగాన్ని కొద్దిగా ఎత్తులో పెడతారు. ముందు నుంచి వచ్చిన నీళ్ళు ఆ అంచు దగ్గర వంపు తిరగలేక తెగిపోతాయి. వెనక ఖాళీలోకి గాలి దూరుతుంది. పడవ ఆ ఒక్క అంచు మీద నిలబడి, నీళ్ళ పైన పలకలా జారుతుంది. అప్పుడు రెక్కలు తమ పని తాము చేస్తాయి. 1912 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్ దగ్గర క్యూకా సరస్సు మీద, అడుగున మెట్టు పెట్టిన కర్టిస్ పడవ ఎగిరింది. ఆ తర్వాత వచ్చిన ఎగిరే పడవలు దాదాపు అన్నిటికీ అడుగున మెట్టు ఉంది.

ఈ సంగతి నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, కాలేజీ లైబ్రరీలో ద్రవాల శాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే చదివాను. పడవ అడుగు కోసి చూపించిన బొమ్మ ఒకటి ఉంది. చూడగానే అర్థమైపోయింది. తప్పు చెక్కడంలో లేదు, నేను గీసిన బొమ్మలో ఉంది. నున్నగా రుద్దేకొద్దీ అది ఇంకా చెడింది. వాడి ఓపికే దానికి శత్రువైంది. ఒక చిన్న అంచు వదిలి ఉంటే లేచేదేమో. ఆ సెలవుల్లో ఊరికి వచ్చాను. వాడు అప్పటికే పదో తరగతి తప్పి, వాళ్ళ నాన్నగారి దగ్గర పనిలో చేరి నాలుగేళ్ళయింది. కాలువ రేవు దగ్గర కలిశాం, టీ తాగాం, సినిమాల గురించి మాట్లాడుకున్నాం. మెట్టు సంగతి చెప్పలేదు. మర్చిపోయి కాదు.

బొమ్మలతో పరీక్షలు

నమూనా విమానాలంటే పిల్లల ఆట అనుకుంటాం. నీటి విమానాల విషయంలో మాత్రం ఆటకీ పరిశోధనకీ మధ్య గోడ ఎప్పుడూ లేదు. దీనికి మూలపురుషుడు విలియం ఫ్రూడ్ అనే ఆంగ్ల ఇంజనీరు. 1870ల మొదట్లో ఇంగ్లండులోని టార్కీలో తన ఇంటి దగ్గర ఒక పొడవాటి నీటి తొట్టి కట్టించి, మైనంతో చేసిన ఓడ నమూనాలని అందులో లాగి, నీళ్ళు ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచాడు. చిన్న నమూనా లేపే అలలు పెద్ద ఓడ అలల్లాగే ఉండాలంటే రెండిటి వేగాలకీ ఒక లెక్క ఉండాలని తేల్చాడు. కొలతలో 9వ వంతు నమూనా చేస్తే దాని వేగం 9కి వర్గమూలం చొప్పున, అంటే 3వ వంతు ఉండాలి. బరువు 9ని మూడుసార్లు గుణించినంత, అంటే 729వ వంతు ఉండాలి. గంటకి 120 కిలోమీటర్ల వేగంతో నీళ్ళు వదిలే విమానానికి 9వ వంతు నమూనా చేస్తే, అది 40 కిలోమీటర్ల దగ్గరే వదలాలి. ఈ ఒక్క సూత్రం ఇప్పటికీ నా నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంటుంది.

ఫ్రూడ్ దారిలోనే అమెరికా ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ నాకా 1931లో లాంగ్లీలో సుమారు 2,000 అడుగుల పొడవైన తొట్టి కట్టింది. ఎగిరే పడవల నమూనాలని అందులో లాగి మెట్టు ఎక్కడుండాలి, ఎంత లోతుండాలి, నీటి తుంపర ప్రొపెల్లర్‌కి తగలకుండా ఏం చేయాలి అని వరసగా పరీక్షించారు. 1937లో మార్టిన్ కంపెనీ తను కట్టబోయే మెరైనర్ అనే పెద్ద ఎగిరే పడవకి 8లో 3 వంతుల కొలతలో, ఒక మనిషి కూర్చుని నడిపే నమూనాని ముందుగా చేసి ఎగరేసి చూసింది. దానికి తోకకప్ప అని ముద్దుపేరు కూడా పెట్టారు.

ఇక 1940లలో శాన్ డియేగోలోని కన్సాలిడేటెడ్ కంపెనీలో ఎర్నెస్ట్ స్టౌట్ అనే ఇంజనీరు మరో అడుగు ముందుకేశాడు. తొట్టిలో తాడు కట్టి లాగడం కాకుండా, బరువూ సమతూకమూ అసలు విమానానికి సరిపోలేలా నమూనాలు చేసి, రేడియోతో నడిపి నీళ్ళ మీద నుంచి ఎగరేయించాడు. అవి ఎలా లేస్తున్నాయి, దిగేటప్పుడు ఎలా ఎగిరెగిరి పడుతున్నాయి అని చూసి అసలు విమానాల ఆకారం సరిదిద్దేవారు. ఆదివారం పూట చెరువు దగ్గర మాలాంటి వాళ్ళు చేసేదీ అదే పని. వాళ్ళకి జీతం వచ్చేది, మాకు మా ఆవిడల చీవాట్లు వస్తాయి.

రేడియో కథ కూడా నీళ్ళ మీదే మొదలైంది. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక తొట్టిలో చిన్న పడవని వైర్లు లేకుండా నడిపి చూపించాడు. గాలిలోకి ఆ విద్య రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 1930ల చివర్లో మిషిగన్ రాష్ట్రానికి చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియోతో ఎగరేసిన 'గఫ్' అనే నమూనా ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ కాలం పరికరాలు తలుచుకుంటే నవ్వొస్తుంది, గౌరవమూ కలుగుతుంది. బొత్తాం ఒకసారి నొక్కితే చుక్కాని ఒక వైపు, మళ్ళీ నొక్కితే రెండో వైపు. ఆ చుక్కానిని తిప్పేది మెలితిప్పిన రబ్బరు పట్టీ. మా సైకిల్ ట్యూబుకి దూరపు చుట్టమే.

మన ఆకాశంలో

ఎగిరే పడవలు మన దేశానికి కొత్తవేమీ కావు. 1930ల చివర్లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ఎంపైర్ పడవలు ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వెళ్తూ కరాచీ, రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ సరస్సు, గ్వాలియర్, కలకత్తాలో దిగేవి. రన్‌వేలు కట్టక్కర్లేదు, చెరువుంటే చాలన్నది అప్పటి లెక్క.

మన గోదావరి జిల్లాల పెద్దలకి ఆ కాలం మరో రకంగా గుర్తుండేది. 1942 ఏప్రిల్ 4న కెనడా వైమానిక దళానికి చెందిన లియొనార్డ్ బర్చల్, సింహళంలోని కొగ్గల సరస్సు నుంచి క్యాటలినా అనే ఎగిరే పడవలో గస్తీకి వెళ్ళి, దక్షిణాన వస్తున్న జపాను నౌకాదళాన్ని చూశాడు. తన విమానం కూలే ముందే వార్త పంపగలిగాడు. ఆ తర్వాత శత్రువుకి బందీ అయ్యాడు. మర్నాడు కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఏప్రిల్ 6న మన తీరం వంతు వచ్చింది. బంగాళాఖాతంలోకి వచ్చిన మరో జపాను నౌకాదళం నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మా తాతగారు "బాంబుల ఏడు" అని చెప్పేది అదే. చిన్నప్పుడు ఆయన కథలు వింటూ విమానమంటే భయపడేవాణ్ణి. సముద్రం మీద ఒంటరిగా తిరుగుతూ కాపలా కాసిన క్యాటలినా గురించి తెలిశాక ఆ బొమ్మ మీద ప్రేమ పుట్టింది. దాని అడుగున కూడా మెట్టు ఉంది.

యుద్ధంలో ప్రపంచమంతా పొడవాటి రన్‌వేలు కట్టారు. దాంతో ఎగిరే పడవల అవసరం తగ్గిపోయింది. ఇప్పుడు మళ్ళీ వాటి మాట వినబడుతోంది. 2020 అక్టోబరు 31న గుజరాత్‌లో సబర్మతి నది నుంచి కేవడియాకి సర్వీసు మొదలుపెట్టారు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ అనే విమానాన్ని ప్రయోగాత్మకంగా నడిపారు. టీవీలో అందరూ కృష్ణమ్మనీ, విమానంలో ఉన్న ముఖ్యమంత్రినీ చూస్తుంటే నేను ఫ్లోట్ల అడుగు కనబడుతుందేమోనని తెర దగ్గరికి జరిగాను. కెరటం చీలినప్పుడు ఒక్క క్షణం మెట్టు కనబడింది. ఆ రాత్రే మిత్రుడికి ఫోన్ చేశాను.

చేయడం, ఎగరేయడం

అప్పటికి నేను నమూనా విమానాలు మొదలుపెట్టి ఏడేళ్ళు. మన పూర్వ విద్యార్థుల పిల్లల్లో ఎవరికైనా పనికొస్తుందని కొన్ని వివరాలు రాస్తాను.

నా విమానం రెక్కల పొడవు 1.4 మీటర్లు, బరువు 1.3 కిలోలు. ఒడలంతా 6 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, మధ్యలో పలచటి ప్లైవుడ్. పడవ వెడల్పు 13 సెంటీమీటర్లు, మెట్టు లోతు 10 మిల్లీమీటర్లు. మెట్టుని బరువు కేంద్రానికి కాస్త వెనకగా పెట్టాలి. ముందుకి జరిగితే విమానం తోకమీద కూలబడుతుంది, మరీ వెనక్కి జరిగితే ముక్కు లేవదు. మెట్టు అంచు కత్తిలా పదునుగా ఉండాలి. అందం కోసం దాన్ని గుండ్రంగా రుద్దితే మళ్ళీ చెంచా కథే.

నీళ్ళు తగలకుండా మోటారుని రెక్క పైన ఒక స్తంభం మీద పెడతాం. మోటారు అంత ఎత్తులో ఉంటే బలం ఇచ్చినప్పుడల్లా ముక్కు కిందికి వంగుతుంది. అందుకని మోటారుని కొన్ని డిగ్రీలు పైకి చూసేలా బిగించాలి. రెక్కల చివర చిన్న ఫ్లోట్లు లేకపోతే నిలబడి ఉన్నప్పుడే పక్కకి ఒరిగిపోతుంది. రిసీవర్‌ని పుట్టినరోజు బెలూన్‌లో పెట్టి మూతి కట్టేయడం అందరికీ తెలిసిన చిట్కా. మూతల చుట్టూ టేపు వేయాలి. ఎంత చేసినా లోపలికి నీళ్ళు వస్తాయి. ప్రతి విడతకీ విమానాన్ని తిరగేసి ఆ నీళ్ళు పారబోయాలి. అరకప్పు నీళ్ళు లోపల అటూ ఇటూ కదిలితే బరువు కేంద్రం దానితోపాటే కదులుతుంది.

లేపేటప్పుడు గాలికి ఎదురుగా తిప్పి, తోక పలకని పైకి పట్టి, బలం నెమ్మదిగా పెంచాలి. మొదట ముక్కు లేస్తుంది, చుట్టూ తుంపర ఎగురుతుంది. లేచే వేగంలో సగం కూడా రాకముందే నీళ్ళ ప్రతిఘటన అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. దాన్ని మూపురం అంటాం. అది దాటితే విమానం మెట్టు మీదికి ఎక్కి తేలికపడుతుంది. అప్పుడు తోక పలకని వదులు చేయాలి. వేగం అందుకున్నాక కాస్త లాగితే చాలు, గాలిలో ఉంటుంది. నీళ్ళు అద్దంలా ఉన్న రోజు లేపడం కష్టం. సన్నటి అలలున్న రోజు అడుక్కి గాలి దూరి త్వరగా వదులుతుంది.

రెండు జాగ్రత్తలు. మధ్యలో ఆగిపోయిన విమానం కోసం ఎవరూ చెరువులోకి ఈదకూడదు. విమానం మళ్ళీ చేసుకోవచ్చు. మేము దోనె మీద, ఈత వచ్చిన మనిషితో, లైఫ్ జాకెట్ వేసుకునే వెళ్తాం. ఇక 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ కూడదో డిజిటల్ స్కై మ్యాప్‌లో రంగులతో చూపిస్తున్నారు. చూసుకున్నాకే బయలుదేరాలి.

మళ్ళీ చెరువుగట్టు

మొన్న సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు విమానం కారులో తెచ్చాను. మిత్రుడి వర్క్‌షాపుకి వెళ్ళాను. ఇప్పుడు వాడు ఫైబర్ పడవలు చేస్తున్నాడు, దగ్గర నలుగురు పనివాళ్ళున్నారు. విమానం తిరగేసి బల్ల మీద పెట్టి, చెంచా, కుళాయి, కర్టిస్ అన్నీ చెప్పాను. 1984లో తప్పు నాదని చెప్పాను. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడే తెలుసని కూడా చెప్పాను. అది చెప్పడమే కష్టమైంది.

వాడు బొటనవేలితో మెట్టు అంచుని ఆ చివర నుంచి ఈ చివరదాకా తడిమాడు. "ఎంత లోతు?" అన్నాడు.

"పది మిల్లీమీటర్లు."

"ఇంతేనా?" అని కాసేపు ఊరుకున్నాడు. "నాలుగు రాత్రులు రుద్దించావు కదరా నా చేత" అన్నాడు. ఆ తర్వాత, "మాస్టారితో చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. మాస్టారు పోయి పదేళ్ళు దాటింది. రిటైరయ్యాక కూడా ఎన్నోసార్లు వారింటికి వెళ్ళాను, కాళ్ళకి దండం పెట్టాను, కాఫీ తాగాను. ఆయన ప్రతిసారీ "ఏరా ఇంజనీరూ" అని పిలిచి సంతోషపడేవారు. ఆ పిలుపు ముందు ఈ మాట ఎప్పుడూ బయటికి రాలేదు.

వాడు దానికేమీ అనలేదు. అంచు ఒకచోట చితికి ఉందని చూపించి, లోపలికి వెళ్ళి కొంచెం రెసిన్ కలిపి తెచ్చి, స్కేలు ఆనించి తిన్నగా కట్టాడు. ఆరేదాకా కూర్చున్నాం. సాయంత్రం ఇద్దరం బడి వెనక చెరువుకి వెళ్ళాం. గాలి తూర్పు నుంచి వస్తోంది, నీళ్ళ మీద సన్నటి అలలున్నాయి. విమానం తుంపర చిమ్ముతూ పరుగెత్తింది, మెట్టు ఎక్కింది, నీళ్ళు వదిలింది. గట్టు మీద క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆట ఆపి పరుగెత్తుకొచ్చారు. ఒక పిల్లవాడు నన్ను వదిలేసి వాణ్ణి అడిగాడు, "ఇది మీరే చేశారా అండీ?" అని. వాడు నావైపు చూపించబోయాడు. నేను ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాను. రిమోట్ వాడి చేతికిచ్చి, గాలిలో ఉన్నంతసేపూ పక్కన నిలబడ్డాను.

ఇప్పటికి మూడు సమావేశాలకి వాడిని రమ్మన్నాం. "పది తప్పినవాణ్ణి, పెద్ద పెద్ద వాళ్ళ మధ్య నాకేం పని" అని రాలేదు. చదువు ఆగడానికి నా మాటే కారణమని నేను అనను, వాళ్ళింటి పరిస్థితులు వేరే ఉన్నాయి. అయితే ఓపిక లేనివాడన్న పేరు మాత్రం నావల్లే వచ్చింది. మన బడి నుంచి ఆ ఏడాది సైన్సు ఫేరుకి వెళ్ళిన విమానంలో చేతిపని లోపమేమీ లేదు. లోపం బొమ్మలో ఉంది, బొమ్మ గీసింది నేను. మాస్టారి ప్రశ్నకి ఇదీ సరైన జవాబు. ఇది అచ్చులో ఉండాలనే ఈ వ్యాసం రాశాను.

స్వర్ణోత్సవం రోజు ఉదయం తొమ్మిదింటికి, ఎండ ఎక్కకముందే, చెరువుగట్టు మీద విమానం ఎగరేస్తాం. వస్తానని ఈసారి వాడు ఒప్పుకున్నాడు. పిల్లల్ని తీసుకురండి. గురువులెవరైనా వస్తే గట్టు మీద కుర్చీలు వేయిస్తాను. గాలి లేకపోతే మాత్రం కాసేపు ఓపిక పట్టాలి.